అతిథియు, అట్లపెనమును

అతిథిసత్కారమున తాము ఎవరికిని తీసిపోమని తెలుగువారు చెప్పుకొనుచుందురు. ఆ మాట యబద్ధము కాదు. వచ్చినవాడు గుమ్మము త్రొక్కిన తోడనే కాళ్ళకు నీళ్ళిచ్చుటయు, కాఫీ కావలెనా యని యడుగక కాఫీయే తెచ్చి చేతబెట్టుటయు, చాలుచాలునని విస్తరిపై చేయి యడ్డము పెట్టినను వ్రేళ్ళ సందునుండియే మరియొక గరిటె వడ్డించుటయు మనకు చిన్ననాటనుండి అలవడిన విద్యలు. అతిథి యెంత తినిన గృహస్థునకంత గౌరవము. తినకున్న నంత చిన్నతనము. ఈ లెక్క సరియైనదేనా యని మనమెన్నడును విచారింపలేదు. పెట్టుటయే ధర్మమైనచో, పెట్టినది తినజాలనివాడు మన యింటికి వచ్చినపుడు ఆ ధర్మము ఏ రూపము దాల్చవలెను? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో తగులలేదు. మా వంటయింట తగిలినది.

గడచిన శీతకాలమున మా చిన్నమ్మాయి తనతో కలిసి ఉద్యోగము చేయుచున్న పంజాబు యువతి నొకతెను వెంటబెట్టుకొని, నాలుగు దినములు మాతో గడుపుటకై వచ్చినది. బయలుదేరుటకు ముందే టెలిఫోనులో హెచ్చరించినది: "నాన్నగారూ, తనకి గోధుమ పడదు. రవ్వంత కూడా తగలకూడదు. అమ్మకి మరీ మరీ చెప్పండి." పంజాబులో పుట్టినదానికి గోధుమ పడకపోవుట యేమని నేను నవ్వితిని. గోదావరి యొడ్డున, అన్నము తిను కొంపలో గోధుమ భయమేమని మా యింటామె ధైర్యము చెప్పినది. ఆ 'రవ్వంత' యను మాటలోని రవ్వను మే మిరువురమును బొంబాయిరవ్వ యనియే యర్థము చేసికొంటిమి.

మొదటినాటి యుదయమున ఫలహారమునకు పెసరట్లు. మా ప్రాంతమున పెసరట్టనగా దాని కడుపులో ఉప్మా యుండవలెను. ఉప్మా చేయునది బొంబాయిరవ్వతో, బొంబాయిరవ్వ గోధుమయే. కావున మా యింటామె అతిథి యట్టులో ఉప్మా పెట్టక, అల్లము, పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయలు మాత్రమే చల్లి, ప్రక్కన అల్లపు పచ్చడి వేసి, "ఇదిగో, నీకోసం విడిగా చేశానమ్మా" యని పెట్టినది. ఆ పిల్ల యొకటి తినినది. రెండవది వలదనినది. మేము విడుతుమా? బ్రతిమాలి రెండవదియు తినిపించితిమి. మధ్యాహ్నము కాకమునుపే కడుపునొప్పియు వాంతులును మొదలైనవి. ఆ దినమంతయు, మరునాటి మధ్యాహ్నము వరకును ఆమె మంచము దిగలేదు. పైగా మా తప్పేమియు లేదని ఆమెయే మమ్ము ఓదార్చినది.

తప్పు లేకపోలేదు. విచారింపగా ఒకటి కాదు, మూడు బయటపడినవి. మొదటిది పెనము. నేను మధుమేహరోగిని, రాత్రిపూట అన్నము మాని చపాతీలు తినుట నాకలవాటు. ముందటి రాత్రి నా చపాతీలు కాల్చిన పెనము మీదనే తెల్లవారి యామెకు అట్టు పోసిరి. నాకు పథ్యమైనదే ఆమెకు అపథ్యమైనది. రెండవది అట్లకాడ. మా యట్లలో ఉప్మా సర్దిన యట్లకాడతోనే ఆమె యట్టును త్రిప్పిరి. మూడవది ఇంగువ. దానిని మేము కలలోనైనను అనుమానింపలేదు. పచ్చి యింగువ మిక్కిలి ఘాటైనది గనుక, అంగళ్ళలో అమ్ము ఇంగువలో జిగురును, పిండియు కలుపుదురు. ఆ పిండి పెక్కు రకములలో గోధుమపిండియే. అల్లపు పచ్చడి తిరుగమోతలో వేసిన ఇంగువ డబ్బాను తీసి, కళ్ళద్దములు పెట్టుకొని చూడగా, చీమలబారు వంటి యక్షరములలో ఆ సంగతి యచ్చుపడి యున్నది. పొట్లములపై గోధుమ మొదలగు వానిని ప్రకటింపవలెనని మన దేశమున చట్టము కలదు; ప్రకటించినదానిని చదువవలెనను చట్టము మాత్రము లేదు.

ఇచట ఈ వ్యాధిని గూర్చి కొంత చెప్పుట యవసరము. గోధుమ, బార్లీ, రై యను ధాన్యములలో గ్లూటెన్ అను మాంసకృత్తు కలదు. తడిపిన గోధుమపిండి తెగక సాగుట దానివలననే. మనలో అత్యధికులకు దానివలన నే బాధయు లేదు. వారు గోధుమ మానవలసిన పనియు లేదు. కాని లోకమున సుమారు నూటి కొకరికి సీలియాక్ అను వ్యాధి కలదు. దేహమును రక్షించుటకై యేర్పడిన శక్తియే గ్లూటెన్ తగిలినంతనే భ్రమపడి తన చిన్నప్రేగుపైనే తిరుగబడును. ఆ ప్రేగు లోపలి గోడపై నూగువలె నుండి ఆహారసారమును పీల్చుకొను సన్నని మొలకలు అణగిపోవును. తినినది ఒంట బట్టదు. రక్తహీనత, ఎముకల బలహీనత, పిల్లలయందు ఎదుగుదల లోపము మొదలగునవి కలుగును. దీనికి గ్లూటెన్‌ను జీవితాంతము మానుటయే చికిత్స. ఇది గాక, సీలియాక్ లేకయే గోధుమ సరిపడనివారును, గోధుమ తగిలిన దద్దురు లెత్తువారును వేరుగా నున్నారు. ఉత్తర హిందూస్థానమున, గోధుమ ప్రధానాహారమైన ప్రాంతములలో, ఈ వ్యాధి దక్షిణమునందుకంటె నెక్కువగా కనబడుచున్నది. పంజాబు పిల్లకు గోధుమ పడకపోవుట యేమని నేను నవ్విన నవ్వు నా యజ్ఞానమునకే గుర్తు.

ఈ యజ్ఞానము నా యొక్కనిది కాదు. 1888లో లండను నగరమున సామ్యూల్ గీ యను వైద్యుడు ఈ వ్యాధిని చక్కగా వర్ణించి, నయమగుట యున్నచో భోజనము మార్చుటవలననే యని చెప్పెను. కాని మానవలసినది యేదో ఆయనకు తెలియలేదు. ఆ తరువాత రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1944–45 శీతకాలములో, హాలండు దేశమును ఘోరమైన కరవు పట్టినది. రొట్టె లేక జనము అలమటించుచుండగా, ఈ రోగముతో కృశించుచున్న పిల్లలు తేరుకొనిరి. రొట్టె మరల దొరకగానే మరల మంచము పట్టిరి. అంతకు పూర్వమే గోధుమను శంకించుచుండిన విలెం కారెల్ డికె యను శిశువైద్యుడు 1950లో తన సిద్ధాంతవ్యాసమున ఆ సంగతిని నెలకొల్పెను. అంతవరకు ఆ పిల్లల తల్లులు ఏమి చేసియుందురు? బిడ్డ చిక్కిపోవుచున్నాడని మరియొక రొట్టెముక్క బ్రతిమాలి తినిపించియుందురు. ప్రేమతో పెట్టినది హితము గాక మరేమగునను నమ్మకము అంత గట్టిది. మా యింటను అదియే జరిగినది. అతిథి మంచమెక్కిన సాయంకాలము, నీరసించిన పిల్లకు బలము వచ్చునని మా యింటామె బార్లీజావ కాచుటకు గిన్నె పొయ్యిమీద బెట్టినది. బార్లీయందును అదే విషమున్నదని మా యమ్మాయి పరుగున పోయి దింపినది.

"ఒక్కటి తింటే ఏమవుతుంది?" మన యిండ్లలో ఇంతకంటె ప్రేమగల ప్రశ్న లేదు, ఇంతకంటె ప్రమాదకరమైన ప్రశ్నయు లేదు. ఏమగునో శాస్త్రము కొలిచి చెప్పినది. గ్లూటెన్ లేనిదని చెప్పదగిన ఆహారమునకు మన దేశమునను, అంతర్జాతీయముగను విధించిన హద్దు కిలోకు 20 మిల్లీగ్రాములు. చిటికెడు గోధుమపిండి కిలో అన్నమున కలిసినను ఈ హద్దు దాటిపోవును. పెనమునంటిన చపాతీ పొట్టు చాలును. కావున "కొంచెమే కదా" యను మాట యిచట చెల్లదు. కొంచెమును, ఎక్కువయు మన కంటి లెక్కలు. ఆ ప్రేగునకు వేరు లెక్క కలదు.

కొందరిట్లందురు: "ఈ రోజులలో ఏమియు లేనివారును గోధుమ మానుట యొక వేడుక యైపోయినది. వచ్చిన ప్రతివాడు నాకిది పడదు, అది పడదు అనిన మేమెట్లు నమ్మవలెను?" వేడుకకై మానువారు కలరు, కాదనను. కాని గృహస్థుడు న్యాయాధిపతి కాడు. అతిథి మాట అబద్ధమైనను నమ్మి వండితిమి పో, మనకు పోయిన దేమి? ఒక పూట ఉప్మా పోయినది. నిజమైనను నమ్మకుంటిమా, ఒక మనుష్యుడు మన చేతిమీదుగా రోగము తినును. ఈ రెండు తప్పులును సమానము కావు. సమానము కానపుడు ఏ ప్రక్క తప్పుటకు సిద్ధపడవలెనో తెలియుటకు పాండిత్య మక్కరలేదు.

రెండవనాటి సాయంకాలము మా యింటామె, "నా చేత్తో ఇంకేమీ పెట్టలేను, పళ్లూ పాలూ ఇద్దాం" అని కూలబడినది. అప్పుడు మా పెద్దమ్మగారు కలుగజేసికొనిరి. ఆమెకు ఎనుబది దాటినవి. చిన్నతనముననే భర్తను పోగొట్టుకొని, అరువదియేండ్లుగా మడి గట్టుకొని తన వంట తాను చేసికొనుచున్నవారు. ఒకప్పుడు ఆమె మడినీళ్ళ బిందె దాపునకు మమ్మెవరిని పోనిచ్చెడివారు కారు. "వేరే గిన్నె, వేరే గరిటె, వేరే చోటు. చెయ్యి కడుక్కుని ముట్టుకోవడం. ఇంతేగా? ఇది నాకొకళ్లు నేర్పాలిటరా?" అని ఆమె నన్నడిగిరి.

ఆమె చేసినది వరుసగా చెప్పెదను. చదువరులలో నెవరికైన నుపయోగపడవచ్చును. పాత యినుపపెనమును, అట్లకాడను, చెక్కగరిటెలను, చపాతీపీటను వంటయింటినుండి పంపివేసి, క్రొత్త మూకుడును, క్రొత్త గరిటెను తెప్పించిరి. వంటగట్టును రెండుమార్లు కడిగించిరి. అంగటి బియ్యపుపిండిని వలదనిరి. బియ్య మాడించు మరలోనే గోధుమలను ఆడింతురు గదా. అటకమీది తిరుగలిని దింపించి, బియ్యము కడిగి యారబెట్టి, ఇంటనే రవ్వ విసరించిరి. మా యమ్మాయియు, లేచి కూర్చున్న అతిథియు చెరియొక ప్రక్క కూర్చుండి ఆ తిరుగలి త్రిప్పిరి. మూడవనాటి యుదయమున ఆ రవ్వతో, పెసరపప్పు, జీలకర్ర, మిరియములు వేసి ఇత్తడిగిన్నెలో ఉప్పుడుపిండి వండిరి. నాలుగవనాడు మినపపిండిలో అదే రవ్వ కలిపి, మూకుడులో నూనె వేసి, మూతబెట్టి, సన్నని సెగను అడుగు ఎఱ్ఱవారునంతవరకు కాల్చి దిబ్బరొట్టె తీసిరి. నంజుకొనుటకు కొబ్బరిపచ్చడి. తిరుగమోతలో ఆవాలు, మినపపప్పు, ఎండుమిరపకాయలు, కరివేపాకు మాత్రమే, ఇంగువ లేదు. ఇంగువ లేని తిరుగమోత పెట్టుట ఆమె జీవితమున నదియే మొదటిసారి. ఇంటిల్లిపాదియు అదియే తింటిమి. నా రాత్రి చపాతీలకు మారుగా జొన్నరొట్టెలు వచ్చినవి. బియ్యము, మినుములు, పెసలు, జొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱ వీనిలో దేనియందును గ్లూటెన్ లేదు. మన తాతలనాటి ఫలహారములలో సగము ఆ పిల్లకు నిరపాయముగా తినదగినవే. లోపము ధాన్యములో లేదు. మా యెరుకలో నున్నది.

ఈ కథను విని, "చూచితిరా! మడియందు శాస్త్రమున్నదని మేము చెప్పలేదా?" యని సంతోషించువారు కొందరుందురు. వారి సంతోషమునకు కారణము లేదు. మడి గోధుమను ఏనాడును శంకింపలేదు. పైగా, ఏకాదశినాడును, శనివారపు రాత్రులందును అన్నము మానినవారు గోధుమరవ్వ ఉప్మాను ఫలహారమని నిశ్చింతగా భుజించిరి. భర్త పోయిన స్త్రీ రాత్రిపూట అన్నము తినరాదని విధించిన ఆచారము, మా పెద్దమ్మగారి చేత అరువదియేండ్లు ఆ ఉప్మానే తినిపించినది. ఇంగువ డబ్బాపై నున్నది నేను చదివి వినిపించినపుడు ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిదప ననిరి: "ఇన్నేళ్లూ ఎవరు ముట్టుకున్నారని చూశాంగాని, అందులో ఏం కలిసిందని చూడలేదురా నాయనా."

మడికిని, ఈ పథ్యమునకును గల భేదము ఆ మాటలోనే యున్నది. ఐనను దానిని కొంత విప్పి చెప్పవలసియున్నది. ఏలన, పైకి చూచిన రెండును ఒక్కటివలెనే కనబడును. రెండింటను వేరు పాత్ర, వేరు గరిటె, ముట్టరాదను మాట. ఒకరితో నొకరు కూడి తినుటకై ఈ దేశపు సంస్కర్తలు ఎంత పోరాడిరో మన మెరుగుదుము. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించినపుడు, దానితో సంబంధము పెట్టుకొన్నవారిపై పూర్వాచారపరులు ప్రయోగించిన యాయుధము పంక్తిబహిష్కారమే. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగమున 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసిన తరువాతను, మన పల్లెలలో పెక్కుచోట్ల టీదుకాణములు కొందరికి వేరు గ్లాసు లుంచినవి. అట్టి దేశమున మరల వేరు పెనమును సమర్థించి వ్రాయుటకు నాకు సంకోచము కలిగినది. కాని ఆలోచింపగా, ప్రత్యేకించుట యొక్కటే దోషము కాదని తోచినది. మూడు ప్రశ్నలడిగిన భేదము తేలును. ఎవరి క్షేమమునకై వేరు చేసితిరి? ఎవరి కోరికపై చేసితిరి? చేసినమీదట ఆ మనుష్యుడు పంక్తికి దగ్గరయ్యెనా, దూరమయ్యెనా? వేరు గ్లాసు పెట్టువాని గర్వమును కాపాడుటకై, త్రాగువాని యిష్టముతో పనిలేక పుట్టినది. వానిని వాకిటనే నిలిపినది. వేరు పెనము తినువాని ప్రాణమును కాపాడుటకై, ఆతడు కోరగా పుట్టినది. ఆతనిని మన ప్రక్కన కూర్చుండబెట్టినది. మా పెద్దమ్మగారి వంటయింట, ఆమె పీటకు జానెడు దూరమున, కులగోత్రము లెవరికిని తెలియని యొక పిల్ల కూర్చుండి దిబ్బరొట్టె తినినది. అరువదియేండ్ల మడి చేయనీయని పనిని, ఆ మడిలో నేర్చిన నేర్పే యిపుడు చేయించినది. నేర్పును విడువనక్కరలేదు, దాని ముఖమును త్రిప్పవలెను.

అతిథిని దేవునిగా భావింపుమని ఉపనిషత్తు బోధించినది. ఆ బోధను మనము నోట నుంచుకొంటిమి గాని, గుడిలో దానిని ఎట్లు పాటింతుమో యింటిలో నట్లు పాటింపము. వినాయకునకు ఉండ్రాళ్ళు వండుదుము. మంగళగిరి కొండపై నరసింహస్వామికి పానకము పోయుదుము. ఆయా దేవునికి ఏది ప్రీతియో తెలిసికొని యదియే నివేదింతుముగాని, మా యింట బూరెలు బాగుగా కుదురును గనుక నీవును బూరెలే తినుమని ఏ భక్తుడును నిర్బంధింపడు. రాతిదేవునియెడ చూపు ఈ పాటి విచారణ, ప్రేగులుగల దేవునియెడ చూపకుండుట యేమి? మన సత్కారములో అతిథికై చేయున దెంత, మన పేరునకై చేయున దెంత యని వేరుచేసి చూచుకొనిన, రెండవ పాలే యెక్కువగా తేలునేమోయని నా భయము. ఆనాడు ఆ పిల్లను రెండవ యట్టునకు బ్రతిమాలినపుడు నా మనసున నున్నది ఆమె యాకలి కాదు. మా పెసరట్టు కీర్తి.

అతిథికిని ధర్మము లేకపోలేదు. కోలుకొన్న తరువాత ఆ పిల్ల యొక మాట చెప్పినది. పెనమును గూర్చి యడుగవలెనని ఆమెకు తోచినదట. కాని అడిగిన మాపై నమ్మకము లేదని మేము నొచ్చుకొందుమని యూరకుండినదట. ఆమె మర్యాద ఆమెను అడుగనీయలేదు. మా మర్యాద మమ్ము వినిపించుకొననీయలేదు. ఆ యింట అబద్ధమాడినవారు లేరు, చెడ్డవారు లేరు. మొగమాటము మాత్రమే యున్నది. అదియే యొక మనిషిని మంచము పట్టించినది. అడిగిన నొచ్చుకొను గృహస్థుడు, అడుగక బాధపడు అతిథి, ఈ యిరువురిలో మొదటివాడే ముందు మారవలెను. ఏలన, ఇల్లు వానిది, పొయ్యి వానిది, చెంబు కడుగుటకు నీళ్ళును వానివే.

ఇది యొక యింటితో ముగియు విషయము కాదు. పెండ్లి పందిళ్ళలో, వసతిగృహములలో, దేవాలయముల అన్నదానములలో, బడిపిల్లల మధ్యాహ్నభోజనములలో వందలమంది యొకే పంక్తిని కూర్చుందురు. వారిలో గోధుమ పడనివాడుండవచ్చును, వేరుసెనగ పడనివాడుండవచ్చును, పాలు పడనివాడుండవచ్చును. సీలియాక్ రోగులలో పెక్కుమందికి తమకా రోగమున్నదనియే తెలియదు. వారు ఎదుగని పిల్లలుగను, ఎప్పుడును కడుపు బాగులేని పెద్దలుగను మన నడుమనే యున్నారు. దినదినమును పలువురికి వండి వడ్డించు తావులందు ఫలానా వంటకములో ఫలానా వస్తువున్నదని యొక పలకపై వ్రాసిపెట్టుటకు ధనముతో పనిలేదు. అడిగినవానిపై విసుగుకొనకుండుటకును ధనముతో పనిలేదు.

ఇంటికి రాబోవువారిని "మీకేమి యిష్టము?" అని యడుగుట మన కలవాటే. ఆ ప్రశ్నకు ముందు "మీకేది పడదు?" అనుదానిని చేర్చుదము. చెప్పినదానిని తేలికచేయక నమ్ముదము. పొట్లముపై నక్షరములు చదువుదము. వలదని చేయి యడ్డము పెట్టినపుడు ఆ చేతిని మర్యాదగా కాక, మాటగా గ్రహింతము. ఆ పంజాబు పిల్ల మరల వచ్చెదనని వ్రాసినది. క్రొత్త మూకుడు గుడ్డలో చుట్టి వేరుగా దాచియున్నది; దానిపై చపాతీ పెట్టినచో మా పెద్దమ్మగారు ఊరుకొనరు.